ఊర్మిళని ఎవరడిగారు?

“ఇంకా సెటిల్ అవ్వలేదా?” పాతికేళ్ళు దాటిన తెలుగువాళ్ళు అత్యధికంగా వినే ప్రశ్న ఇదే అనుకుంటాను. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, చివరికి పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా ఎవరో ఒక పెదనాన్న వరసాయన విస్తరి ముందు కూర్చుని అడిగేస్తాడు. సెటిల్ అవ్వడం అంటే ఉద్యోగం, పెళ్ళి, ఫ్లాటు, ఆ ఫ్లాటుకి ఇరవయ్యేళ్ళ ఈఎంఐ. మన భాషలో సంసారం ఒక సాగరం. దాన్ని ఈదుతున్నాం అంటాం, ఎలాగోలా గట్టెక్కాం అంటాం. పోలిక సముద్రంతోనే గానీ, మన మనసంతా గట్టు మీదే.

అందుకేనేమో, గట్టే వద్దనుకున్న జంటలంటే మనకి అంత మోజు. ఏడాదిలో ఆరు నెలలు పడవ మీద కాపురం, చలికాలం వస్తే స్కీయింగ్, మిగతా రోజులు ఏదో కొండవాలు మీద చెక్క ఇల్లు. ఇలాంటి జీవితాల వీడియోలు రాత్రి పదకొండింటికి, రేపటి స్టాండప్ మీటింగు తలుచుకుంటూ చూసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. చూస్తున్నంతసేపూ అసూయ. చూసేశాక చిన్న తీర్పు: “డబ్బున్నోళ్ళు, బాధ్యతల్లేనోళ్ళు, ఎన్నైనా చేస్తారు.” ఆ అసూయ కంటే ఈ తీర్పు గురించే నాకెక్కువ ఆలోచన. ఇద్దరు మనుషులు తమ సంతోషం కోసం ఊళ్ళూ కొండలూ సముద్రాలూ పట్టుకుని తిరుగుతూ బతికేస్తే అందులో తప్పేమైనా ఉందా? ఉంటే, అది సరిగ్గా ఎక్కడుంది?

ఇప్పటి జంటల్ని పట్టుకుని ఈ ప్రశ్నకి జవాబు వెతకడం కష్టం. వాళ్ళ కథ ఇంకా నడుస్తోంది. అందుకని, మొదలూ చివరా తెలిసిన ఒక పాత జంట దగ్గరికి వెళ్తాను. మైల్స్ స్మీటన్, బెరిల్ స్మీటన్.

మైల్స్ బ్రిటిష్ వాడు, మన ఇండియన్ ఆర్మీలో అశ్వికదళ అధికారి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో ప్రోబిన్స్ హార్స్ అనే దళానికి నాయకత్వం వహించాడు. బెరిల్ అతనికంటే కాస్త పెద్దది. మొదట వేరే సైనికాధికారి భార్య. దండు బజారు క్లబ్బుల్లో టీ పార్టీలకి సరిపడే మనిషి కాదు. 1930ల్లోనే ఒంటరిగా ఆసియాలో తిరిగింది, దక్షిణ అమెరికాలో ఆండీస్ వెంట గుర్రం మీద పోయింది. మొదటి పెళ్ళి విడిపోయాక 1938లో మైల్స్‌ని చేసుకుంది. మరుసటి ఏడాదే ఇద్దరూ కలిసి హిందూకుష్‌లోని తిరిచ్ మీర్ ఎక్కబోయారు. 7,708 మీటర్ల కొండ. శిఖరం అందలేదు. వాళ్ళతో వెళ్ళిన షెర్పాల్లో ఒకాయన పేరు టెన్జింగ్ నార్గే.

యుద్ధం అయ్యాక కెనడా పడమటి తీరంలో, సాల్ట్ స్ప్రింగ్ దీవిలో పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. పెదనాన్నల భాషలో సెటిల్ అయ్యారు. అయితే వాళ్ళ డబ్బు ఇంగ్లండులో ఉండిపోయింది. యుద్ధానంతరం అక్కడినుంచి డబ్బు బయటికి తీసుకెళ్ళడానికి ఆంక్షలుండేవి. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం: ఇంగ్లండులో ఒక పడవ కొని, దాన్ని కెనడాకి నడుపుకెళ్ళి, అక్కడ అమ్మేయడం! ఇబ్బందల్లా ఒక్కటే. ఇద్దరికీ పడవ నడపడం రాదు. 1950ల మొదట్లో ట్జు హాంగ్ అనే 46 అడుగుల తెరచాప పడవ కొన్నారు, చిన్నపిల్ల అయిన కూతుర్ని ఎక్కించుకున్నారు, సముద్రం మీదే నేర్చుకుంటూ కెనడా చేరారు. పడవ మాత్రం అమ్మలేదు. కొన్నాళ్ళకి పొలమే వదిలేశారు.

1956 డిసెంబరు చివర్లో, ఒలింపిక్స్ అప్పుడే ముగిసిన మెల్‌బోర్న్ నుంచి బయల్దేరారు. కూతురు ఇంగ్లండులో బడికి వెళ్ళింది. ఆమె దగ్గరికే వీళ్ళ ప్రయాణం. దారి మాత్రం పాత తెరచాప ఓడల దారి: దక్షిణ పసిఫిక్ దాటి, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి పైకి రావడం. అక్కడ గాలికి అడ్డుపడే నేల ఉండదు. భూగోళం చుట్టూ తిరిగి వచ్చే గాలి, దానితోపాటు పెరుగుతూ వచ్చే అలలు. 1957 ఫిబ్రవరి 14న, చిలీ తీరానికి దాదాపు వెయ్యి మైళ్ళ దూరంలో, ఒక పెద్ద అల పడవ వెనక భాగాన్ని పైకి లేపింది. ముందు భాగం నీళ్ళలోకి గుచ్చుకుంది. పడవ పిల్లిమొగ్గ వేసింది. చుక్కాని దగ్గరున్నది బెరిల్. నడుముకి కట్టుకున్న తాడు తెగి ఆమె సముద్రంలోకి విసిరేసినట్టు పడింది. రెండు తెరచాప స్తంభాలూ విరిగిపోయాయి, పై గది ఊడిపోయి డెక్ మీద మనిషి దూరేంత కాదు, మంచం దూరేంత రంధ్రం పడింది. గాయపడ్డ బెరిల్ ఈదుకుంటూ వచ్చి విరిగిన కలపని పట్టుకుంది. మైల్స్, వాళ్ళతో ఉన్న యువకుడు జాన్ గజ్వెల్, ఇద్దరూ కలిసి ఆమెని పైకి లాగారు. తర్వాత ముగ్గురూ బకెట్లతో నీళ్ళు తోడారు. గజ్వెల్‌కి వడ్రంగం వచ్చు. మిగిలిన చెక్కలతో స్తంభం నిలబెట్టి, నెలకి పైగా నడుపుకుంటూ చిలీ చేరారు.

ఇంతవరకూ సాహసగాథ. అసలు ప్రశ్న దీని తర్వాత మొదలవుతుంది. చిలీలో పడవ బాగుచేయించుకుని, అదే ఏడాది డిసెంబరులో ఈసారి భార్యాభర్తలిద్దరే మళ్ళీ కేప్ హార్న్ వైపే బయల్దేరారు. మళ్ళీ పడవ బోల్తా కొట్టింది. మళ్ళీ స్తంభాలు విరిగాయి. మళ్ళీ ఎలాగో చిలీ చేరారు. మైల్స్ దీని మీద 1959లో పుస్తకం రాశాడు. పేరు ‘వన్స్ ఈజ్ ఇనఫ్’. ఒక్కసారి చాలు అని. 1968 డిసెంబరులో మూడోసారి వెళ్ళి, ఎదురుగాలి దిక్కు నుంచి, కేప్ హార్న్ దాటేశారు కూడా. అప్పటికి ఇద్దరికీ అరవై నిండాయి.

ఇలాంటి జీవితం మీద మనవైపు నుంచి వచ్చే మొదటి ఫిర్యాదు: దీనివల్ల ఎవరికి ఏం ఒరిగింది?

ఈ ఫిర్యాదు పాతది. మన దగ్గర ప్రయాణానికి ఎప్పుడూ ఒక కారణం ఉండాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో పదిహేను నెలలపాటు మద్రాసు నుంచి కాశీ వెళ్ళొచ్చాడు. దారిలో ప్రతి ఊరినీ, సత్రాన్నీ, ధరల్నీ ఎంత కుతూహలంగా రాసుకున్నాడో చదివితే ఆయనకి తిరగడం ఎంతిష్టమో తెలుస్తుంది. అయినా అది యాత్ర, పుణ్యం కోసం. 2014 మే 25న తెలంగాణ గురుకుల పాఠశాల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మనందరం గర్వపడ్డాం. ప్రాణాపాయం అక్కడా ఉంది, పైగా చిన్నపిల్ల. కానీ ఆ ఎక్కడం వెనక ఒక మాట ఉంది: అవకాశం ఇస్తే ఈ పిల్లలు ఎంత ఎత్తుకైనా వెళ్తారని. అంటే మనం తప్పుపట్టేది ప్రమాదాన్ని కాదు, ప్రయోజనం కనపడని ప్రమాదాన్ని.

స్మీటన్ల విషయంలో ప్రయోజనం చూపించి వాళ్ళని గట్టెక్కించడం చాలా తేలిక. సముద్రం చాలనుకున్నాక వాళ్ళు కెనడాలోనే రాకీ కొండల పాదాల దగ్గర, కాక్రన్ అనే ఊరి పక్కన భూమి తీసుకుని, అడవి జంతువుల కోసం ఒక ఆశ్రయం పెట్టారు. అక్కడి మైదానాల్లో ఒకప్పుడు స్విఫ్ట్ ఫాక్స్ అనే చిన్న నక్క ఉండేది. మన ఇంటి పిల్లి కంటే పెద్దదేం కాదు. వ్యవసాయం, ఉచ్చులు, తోడేళ్ళ కోసం పెట్టిన విషం, అన్నీ కలిసి 1930ల నాటికి కెనడాలో దాన్ని లేకుండా చేశాయి. 1970ల మొదట్లో స్మీటన్లు అమెరికా నుంచి కొన్ని నక్కల్ని తెప్పించి పెంచడం మొదలుపెట్టారు. 1979లో బెరిల్ చనిపోయింది. 1983లో మొదటి నక్కల్ని మైదానంలోకి వదిలారు. ఇప్పుడవి కెనడాలో సొంతంగా బతుకుతున్నాయి.

ఇది చదవగానే మనసు కుదుటపడుతుంది. హమ్మయ్య, చివరికి పనికొచ్చే పని చేశారు! నాకు సరిగ్గా ఈ “హమ్మయ్య” మీదే అనుమానం. నక్కల్ని పెంచకపోతే ఆ జీవితం తప్పయ్యేదా? కేప్ హార్న్ దగ్గర పడవ తిరగబడినప్పుడు వాళ్ళ ఆలోచనలో నక్కల్లేవు. ఇరవయ్యేళ్ళ తర్వాత చేసిన మంచిపనిని పట్టుకెళ్ళి వెనకటి లెక్కల్లో జమ వెయ్యడం గుమస్తా పని. పైగా ఆ కొలతతో చూస్తే మనలో ఎవరం నిలుస్తాం? ఆదివారం మధ్యాహ్నం నిద్రకీ, మనవల్ని ఎత్తుకోవడానికీ, వాన చూస్తూ తాగే టీకీ ఎవరం ప్రయోజనం చూపిస్తాం? సంతోషం తనకు తాను జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఈ మొదటి ఫిర్యాదు నాకు చెల్లదు.

రెండో ఫిర్యాదు బలమైంది. ఈ స్వేచ్ఛ ఎవరి దయ? తెల్లదొర కాకపోతే, వలస సైన్యంలో అధికారి కాకపోతే, సెలవుపెట్టి కొండలెక్కే తీరికా, సముద్రాలు దాటే డబ్బూ మైల్స్‌కి ఎక్కడివి? తిరిచ్ మీర్ మీద వాళ్ళతో నడిచిన టెన్జింగ్‌నే చూడండి. వీళ్ళు వెళ్ళిపోయాక ఆయన యుద్ధకాలమంతా ఆ చిత్రాల్ ప్రాంతంలోనే ఒక అధికారి దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు. భార్య దావా ఫుటి పిల్లలతో అక్కడికొచ్చి కలిసింది. 1944లో ఆమె అక్కడే చనిపోయింది. 1945లో ఆయన ఇద్దరు కూతుళ్ళని తీసుకుని డార్జిలింగ్ తిరిగొచ్చాడు. అది కూడా ఒక జంట కొండల్లో గడిపిన జీవితమే. దాని గురించి ‘సాహస దాంపత్యం’ అని ఎవరూ రాయరు. అలాగే సిక్కోలు నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి, అక్కడ పడవలెక్కే మన మత్స్యకారుల్ని ఎవరూ నావికా సాహసికులు అనరు. కావాలని వెళ్తే సాహసం, తప్పక వెళ్తే కూలి.

ఇదంతా నిజం. కానీ ఈ నిజం చెప్పేదేమిటి? స్వేచ్ఛ అన్యాయంగా పంచబడిందని. స్వేచ్ఛ చెడ్డదని కాదు. టెన్జింగ్ సంగతే తీసుకుంటే, ఆయన్ని కూలీ అనేసి ఊరుకున్నా అవమానించినట్టే. 1953లో ఎవరెస్ట్ మీద నిలబడేదాకా ఆయన్ని అన్నిసార్లు ఆ కొండ దగ్గరికి లాక్కెళ్ళింది కూలి డబ్బులొక్కటే కాదు. కొండ మీద మోజు దొరలకే పుట్టదు, తీర్చుకునే వీలు మాత్రం వాళ్ళకే ఎక్కువ దొరికింది. కాబట్టి అడగాల్సింది “వాళ్ళెందుకు వెళ్ళారు” అని కాదు, “మిగతావాళ్ళెందుకు వెళ్ళలేకపోయారు” అని. స్మీటన్ల మీద కోపం ఈ రెండో ప్రశ్నని తేల్చదు.

ఇక మూడోది. ఇంగ్లండులో బడిలో ఉన్న పిల్ల.

తెలుగు ఆడవాళ్ళ రామాయణపు పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఒకటుంది. రాముడితో సీత వెళ్ళింది, లక్ష్మణుడు వెళ్ళాడు. ఊర్మిళ వెళ్ళలేదు. పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. తిరిగొచ్చిన భర్త గదిలోకి వస్తే ఎవరో పరాయి మగవాడనుకుంది. కవులు వనవాసాన్ని పాడారు. మన అమ్మమ్మలు మాత్రం రోళ్ళ దగ్గరా ఊయలల దగ్గరా ఆ గదిని పాడుకున్నారు. వాళ్ళు గమనించిందేమిటంటే, ప్రతి ప్రయాణానికీ వెనక ఒక గది ఉంటుందని. ఎవరో ఒకరు అందులో ఉండిపోతారని. వెళ్ళినవాడి పద్నాలుగేళ్ళు కథ అవుతాయి. ఉండిపోయినామె పద్నాలుగేళ్ళు నిద్ర అవుతాయి.

ప్రపంచంలో చాలా సాహసగాథలు ఇలా ఒక ఊర్మిళ ఖర్చు మీదే నడిచాయి. మగవాడు వెళ్తాడు, ఆడది ఎదురుచూస్తుంది. స్మీటన్ల కథ మనకి కొత్తగా, హాయిగా అనిపించేది ఇందుకే. ఇక్కడ ఊర్మిళ కూడా పడవెక్కేసింది. ఎక్కడమే కాదు, అల వచ్చినప్పుడు చుక్కాని ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరూ సమానంగా కోరుకున్నారు, సమానంగా తడిశారు, ఇద్దరి ప్రాణాలూ ఒకే తాడుకి వేలాడాయి. భార్యాభర్తల మధ్య ఇంతకంటే న్యాయమైన పంపకం నేనెక్కువ చూడలేదు.

అయితే ఊర్మిళ లేచి వెళ్ళినంతమాత్రాన గది ఖాళీ అవ్వలేదు. అందులోకి కూతురు వచ్చింది. పడవ మునిగితే ఒకే రోజు తల్లీ తండ్రీ ఇద్దరూ పోతారు. ఒకళ్ళు ఒడ్డున ఉండిపోయే పాత పద్ధతిలో కనీసం పిల్లలకి ఒకళ్ళు మిగులుతారు. దంపతుల మధ్య న్యాయం పెరిగినకొద్దీ పిల్ల ఎదుర్కొనే ప్రమాదం రెట్టింపైంది. మొదటి ప్రయాణాన్ని నేను తప్పుపట్టను. ఎంత ప్రమాదమో వాళ్ళకి పుస్తకాల్లో చదివినంతే తెలుసు. రెండోసారికి ఒంటితో తెలుసు. అదే పిల్ల, అదే బడి. చిలీ నుంచి ఇంగ్లండు వెళ్ళడానికి వేరే దారులున్నాయి. అయినా హార్న్ వైపే తిప్పారు. నా మటుకు, ఆ జీవితంలో వేలెత్తి చూపగల చోటు ఇదొక్కటే. పెళ్ళి మానేసో, పిల్లల్ని కనడం మానేసో అదే పని చేసుంటే నాకు ఫిర్యాదు లేదు. 1968లో, కూతురు పెద్దదయ్యాక, అరవై దాటి మూడోసారి వెళ్ళినప్పుడూ లేదు. ముసలితనంలో అదేం పిచ్చి అనే మాట మనవాళ్ళు అంటారు గానీ, మూడింట్లోకీ అదే స్వచ్ఛమైన ప్రయాణం.

ఆ పిల్ల ఒప్పుకునే ఉండొచ్చు, అమ్మానాన్నల్ని చూసి గర్వపడే ఉండొచ్చు. బడి వయసు పిల్ల ఒప్పుకోలు మీద అంత బరువు పెట్టొచ్చా అన్నదే నా సందేహం. అడగడమంటే చెప్పడం కాదు. “మేం వెళ్తున్నాం, నువ్వేమంటావ్?” అన్నది వాక్యం చివర ప్రశ్నార్థకం ఉన్న ప్రకటన. వచ్చే జవాబు వల్ల మన దారి మారే అవకాశం ఉంటేనే మనం అడిగినట్టు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవెయ్యకూడదు. అందర్నీ అడిగి వెళ్ళాలంటే మన ఇళ్ళలో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ముఖ్యంగా ఆడపిల్లలు. స్నేహితురాళ్ళతో హంపీ వెళ్ళడానికి నాన్ననీ, పెళ్ళయ్యాక మొగుణ్ణీ, అత్తగారినీ అడగాలంటే ఆ అడగడమే సంకెల. బెరిల్ తన కాలపు పెద్దమనుషుల్ని అడుగుతూ కూర్చునుంటే దండు బజారు దాటేది కాదు. కాబట్టి ఒక గీత గీసుకోవాలి: మనం వెళ్తే బాధపడేవాళ్ళు వేరు, మనం వెళ్తే భారం మోసేవాళ్ళు వేరు. పెదనాన్నకి పరువు పోతుంది, నలుగురిలో తలెత్తుకోలేడు. అది ఆయన బాధ. ఆయన్ని అడగనక్కర్లేదు. మనం లేనప్పుడు మన వంతు బతుకు కూడా బతకాల్సొచ్చేవాళ్ళు, మనం తిరిగి రాకపోతే జీవితమే మారిపోయేవాళ్ళు ఊర్మిళలు. అడగాల్సింది వాళ్ళని.

ఇలా చూస్తే పడవల వీడియోలు చూసే మనం అంత దూరంలో లేము. మనమూ బయల్దేరినవాళ్ళమే. నరసరావుపేట నుంచి గచ్చిబౌలికి, గచ్చిబౌలి నుంచి డాలస్‌కి. దాన్ని మనం ప్రయాణమనీ, సాహసమనీ అనం, కెరీర్ అంటాం. ప్రయోజనం స్పష్టంగా కనపడుతుంది కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు. పైగా “మా వాడు అక్కడ సెటిల్ అయ్యాడు” అని వాళ్ళే చెప్పుకుంటారు. విజయవాడలోనో, గుంటూరులోనో మూడు పడగ్గదుల ఇంట్లో రెండు గదులకి తాళం వేసుకుని ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటారు. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్. మోకాలి నొప్పి సంగతి కాల్‌లో చెప్పరు. ఒకరు పోయాక మిగిలిన ఒకరు. ఆ గది మన అమ్మమ్మల పాటలో ఉన్న గదే.

వెళ్ళడం తప్పని నేననను. తల్లిదండ్రులు చాలామంది తామే కోరి, అప్పు చేసి మరీ పంపారు. కానీ ఇరవై రెండేళ్ళ కొడుకుని ఎయిర్‌పోర్టులో దించినప్పుడు ఇచ్చిన ఒప్పుకోలు, వాళ్ళకి డెబ్భై అయిదొచ్చాక కూడా చెల్లుతుందా? అప్పుడు అడిగాం, సరే. మళ్ళీ ఎప్పుడడిగాం? స్మీటన్ల మొదటి ప్రయాణానికీ రెండో ప్రయాణానికీ నేను చూసిన తేడా ఇక్కడా వర్తిస్తుంది. తెలియక వెళ్ళడం ఒకటి. గదిలో ఎవరున్నారో, ఎలా ఉన్నారో తెలిశాక కూడా మళ్ళీ అడగకుండా వెళ్తూ ఉండటం ఇంకొకటి. కేప్ హార్న్ వెళ్ళేవాడి ప్రమాదం అందరికీ కనపడుతుంది, కాబట్టి అతన్ని ప్రశ్నిస్తాం. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాడిని ప్రశ్నించం. ఎవరిది పెద్ద స్వార్థమని పోటీ పెట్టడం లేదు. ఒకే ప్రశ్న ఇద్దరికీ వెయ్యాలంటున్నాను.

స్మీటన్ల జీవితం నాకు ఆదర్శమా అంటే పూర్తిగా కాదు. హెచ్చరికా అంటే అదీ కాదు. పడవ అమ్మకుండా ఉంచుకున్నందుకు వాళ్ళంటే ఇష్టం. బెరిల్ ఒడ్డున కూర్చోనందుకు మరీ ఇష్టం. 1957 డిసెంబరులో చిలీ రేవు నుంచి బయల్దేరినప్పుడు మాత్రం ఆ పిల్ల తరఫున నాకు కోపం. మూడూ ఒకేసారి ఉండొచ్చు. మనుషుల్ని మొత్తంగా మెచ్చుకోవాలనో, మొత్తంగా కొట్టిపారేయాలనో నియమమేం లేదు కదా.

ఈసారి ఏ బంతిభోజనంలోనో పెదనాన్న “ఇంకా సెటిల్ అవ్వలేదా” అని అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. ఆయనకి మనం బాకీ లేం. ఇంటికెళ్ళాక, మన రాకపోకల భారం నిజంగా మోస్తున్నవాళ్ళెవరో చూసుకుని, టికెట్ బుక్ చేసుకోక ముందే వాళ్ళని అడగాలి. వద్దంటే ఏం చేస్తామో ముందే ఆలోచించుకుని మరీ అడగాలి.